సామాన్ల చీటీ గురించి అమ్మలుకి నాన్న ఉత్తరం

అమ్మలూ,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాలు మామూలే. పొద్దున కాసేపు విసుక్కుంటుంది, మధ్యాహ్నానికి మర్చిపోతుంది. అన్నయ్య ఫోన్ చేస్తూనే ఉన్నాడు. నువ్వూ చేస్తున్నావులే, కాకపోతే "బాగున్నారా, బాగున్నాం, బుడ్డోడు లేచాడు, పెట్టేస్తున్నా" అని నాలుగు ముక్కల్లో తేల్చేస్తున్నావు. పని ఎక్కువై ఉంటుంది. ఈ ఉత్తరం రాయడానికి ప్రత్యేకంగా కారణమంటూ ఏమీ లేదు. అటక మీద పాత పద్దు పుస్తకాలు దించి దులుపుతుంటే, ఇంటి వెచ్చాల గురించి నీకు నేనెప్పుడూ ఏమీ చెప్పలేదే అనిపించింది, అంతే.

పిన్ని మీ ఇంటి నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చింది. నీ వంటిల్లు చాలా బాగా సర్దుకున్నావట, గంటసేపు చెప్పింది. బుడ్డోడికి పళ్లన్నీ వచ్చేశాయట. ఇంకేదో కూడా అంది, అది పెద్ద విషయమేమీ కాదు.

సరే, వెచ్చాల సంగతి. ప్యాకెట్ ముందువైపు పెద్ద అక్షరాలు చూడకు, వెనక్కి తిప్పి బరువు చూడు. ధరని బరువుతో భాగిస్తే కిలోకి ఎంత, లీటరుకి ఎంత అన్నది తెలుస్తుంది. చాలా కొట్లలో అర అంచున అంటించిన ధర చీటీ మీద అది చిన్న అక్షరాల్లో వేసే ఉంటుంది, మనమే చూడం. పెద్ద ప్యాకెట్ అంటే చవక అని అందరూ అనుకుంటారని కొట్టువాళ్లకీ తెలుసు. అందుకే ఒక్కోసారి పెద్దదే కిలో లెక్కన ఎక్కువ పడుతుంది. ఇంకొకటి, ధర పెంచితే జనం గోల పెడతారని ధర ముట్టుకోకుండా బరువు తగ్గిస్తారు. కిలో ప్యాకెట్ కాస్తా 900 గ్రాములైందనుకో, ఇచ్చేది అంతే అయినా కిలో లెక్కన 11 శాతం ఎక్కువ ఇస్తున్నట్టే. ప్యాకెట్ సైజు చూస్తే తేడా తెలియదు, లోపల గాలి ఎక్కువ ఉంటుంది.

ఆఫర్లూ అంతే. "50 శాతం ఎక్కువ" అని రాసి ఉంటే అది సగం ధర కాదు, 33 శాతం తగ్గింపు. "రెండోది సగం ధరకే" అంటే రెండింటి మీద కలిపి 25 శాతం. "20 శాతం, దాని మీద ఇంకో 10 శాతం" అంటే 30 కాదు, 28. నీకు లెక్కలు నేను చెప్పాలా, క్లాసులో అందరికీ నువ్వే చెప్పేదానివి. కానీ ఇంట్లో కూర్చుని చేసే లెక్క వేరు, బుడ్డోడు చంకలో ఏడుస్తుంటే బండి తోసుకుంటూ చేసే లెక్క వేరు.

ఆ బండికి ఒక కథ ఉంది. 1916లో అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పిగ్లీ విగ్లీ అని ఒక కొట్టు తెరిచి, కొనేవాళ్లే అరల మధ్య తిరిగి సరుకులు తీసుకునే పద్ధతి పెట్టాడు. మామూలుగా చీటీ ఇస్తే కొట్టువాళ్లే కట్టిచ్చేవాళ్లు. చీటీలో లేనిది కంటపడేదే కాదు. ఆ తర్వాత 1937లో ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే ఇంకో వ్యాపారి ఒక విషయం గమనించాడు. చేతిలో బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారు. దాంతో చక్రాల బండి తయారు చేయించాడు. మొదట్లో ఎవరూ దాన్ని ముట్టుకోకపోతే, డబ్బులిచ్చి మనుషుల్ని పెట్టి మరీ కొట్లో అటూ ఇటూ తోయించాడు! కాబట్టి నాలుగు వస్తువులకి వెళ్లినప్పుడు బండి తీసుకోకు, చేతిబుట్ట పట్టుకో. చెయ్యి నొప్పి పుడితే ఇక చాలని దానర్థం. ఇక ఫోన్‌లో తెప్పించుకునే బుట్టకైతే బరువే లేదు. "ఇంకొంచెం కొంటే డెలివరీ ఉచితం" అంటాడు. డెలివరీ డబ్బులు మిగల్చడానికి అంతకు రెండింతలు పెట్టి అక్కర్లేనివి కొంటాం. పిన్ని ఉన్నన్నాళ్లూ మీ ఇంటికి రోజూ ఏదో ఒక సంచీ వస్తూనే ఉందట. చంటిపిల్లాడితో బయటికి వెళ్లడం కష్టమని నాకు తెలుసు, తప్పుపట్టడం లేదు.

అన్నట్టు, ఎర్నెస్ట్ ఎంగెల్ అని ఒక జర్మన్ లెక్కల పండితుడు ఉండేవాడు. బెల్జియంలో కూలీల కుటుంబాల ఖర్చులు పరిశీలించి 1857లో ఒక సూత్రం చెప్పాడు. ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండి ఖర్చు వాటా తగ్గుతుందని. తిండికి పెట్టేది మొత్తం మీద పెరగొచ్చు, కానీ జీతంలో దాని వంతు తగ్గుతుంది. మన పద్దుల్లో వేసి చూశాను, అలాగే వచ్చింది. మీ ఇంట్లో ఆ వాటా ఎంతుందో ఒకసారి చూసుకో. పెరుగుతోందంటే ఇంట్లో మనుషులు పెరిగి ఉండాలి, లేదా బయట ధరలు పెరిగి ఉండాలి, లేదా వచ్చేది తగ్గి ఉండాలి. మూడోది నేను అనుకోవడం లేదు. అల్లుడుగారు ఈ మధ్య ఇంట్లోనే ఉంటున్నారని పిన్ని అంది. ఇంటి నుంచే పని చేస్తున్నారేమో, ఇప్పుడు చాలామంది అలాగే చేస్తున్నారు కదా.

పిన్ని పేరెత్తితే బాబాయి గుర్తొస్తాడు. ఆ సబ్బు పొడి సంగతి నీకు లీలగా గుర్తుండొచ్చు, అట్టపెట్టెల మీదెక్కి దూకేదానివి. ఎక్కడో ఒక పెద్ద కొట్టు మూసేస్తున్నారని, అన్నీ సగం ధరకని బాబాయికి ఎవరో చెప్పారు. ఇంట్లో ఏమున్నాయో చూసుకోకుండా పరిగెత్తాడు. సాయంత్రానికి ఒక వ్యాను నిండా బట్టల సబ్బు పొడి, రెండు బస్తాల పిండి దిగాయి. పిన్ని గుమ్మంలో నిలబడి పెట్టెలు లెక్కపెట్టుకుంటూ ఒక దగ్గర ఆపేసింది. "నెలనెలా కొనే బాధ తప్పింది, మనం ఇన్నాళ్లూ ఎంత పోగొట్టుకున్నామో చూడు" అని బాబాయి ఒకటే సంబరం. మెట్ల కింద గదిలో కింద పిండి, పైన సబ్బు పొడి పేర్చేశాడు.

పిండికి చుట్టుపక్కల వాసన పట్టుకునే గుణం ఉంది. ఎవరికి తట్టింది? మొదటి బస్తా విప్పి పిన్ని వండి పెట్టిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. నాయనమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, కంచం పక్కకి జరిపి "పిండి బాగా ఉతికినట్టున్నావే" అంది. పిన్ని మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో బస్తా విప్పేసరికి అందులో పురుగులు.

పిండి పోతే పోయింది, సబ్బు పొడి ఉంది కదా అనుకున్నారు. ఆ "ఉంది కదా" దగ్గరే వచ్చింది చిక్కు. మామూలుగా చిన్న గరిటెడు వేసే పిన్ని, తరగని నిల్వ ఉందని మూడు వేయడం మొదలుపెట్టింది. గిన్నెలకీ అదే, నేలకీ అదే. రెండేళ్లు వస్తుందనుకున్నది ఏడాది తిరక్కుండానే అడుగంటింది. ఈలోగా బట్టల మిషన్ నీళ్లు వదలడం మానేసింది. మెకానిక్ వచ్చి వెనక గొట్టం ఊడదీసి చూపించాడు. లోపల తెల్లగా, పెరుగులా గడ్డకట్టుకుపోయి ఉంది. పుల్ల పెట్టి గీకితే పొరలు పొరలుగా వచ్చింది. మరమ్మతు బిల్లు చూసి బాబాయి మొహం పాలిపోయింది. మన బాబాయి ఊరుకుంటాడా, సగం డబ్బుకి బదులు రెండు పెట్టెలు తీసుకుపొమ్మని బేరం పెట్టాడు. "వద్దండీ, మా ఇంట్లో మిషన్ బాగానే ఉంది" అన్నాడా కుర్రాడు.

నవ్వుకో, బాబాయి కూడా ఇప్పుడు నవ్వుతాడు. కానీ నిల్వ ఎక్కువ ఉంటే వాడకం ఎక్కువవుతుందన్న మాట గుర్తుపెట్టుకో. నూనె డబ్బా నిండుగా ఉన్నప్పుడు మూకుట్లో ఎంత పోస్తావో, అడుగున ఉన్నప్పుడు ఎంత పోస్తావో నువ్వే చూడు. పెద్దది కొన్నా, వాడకానికి చిన్న సీసాలోకి వంచుకుని మిగతాది కంటికి కనపడకుండా పెట్టు. సబ్బు పొడి కొలతగా వెయ్యి, చేత్తో వెయ్యకు.

అసలు పొదుపంతా పారేసేదాంట్లో ఉందమ్మా. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల తిండి వృథా అయింది. అందులో 60 శాతం హోటళ్లదీ కాదు, కొట్లదీ కాదు, ఇళ్లదే. చవకగా వచ్చిందని రెండు కట్టలు కొని ఒకటి పారేస్తే చవక ఎక్కడుంది? కొనడానికి వెళ్లే ముందు ఫ్రిజ్ తలుపు తెరిచి ఒక ఫొటో తీసుకో, కొట్లో నిలబడి చూసుకోవచ్చు. పాతవి ముందుకి జరిపి కొత్తవి వెనక పెట్టు. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ ఒకే బుట్టలో వెయ్యకు. అరటిపళ్లు, యాపిల్‌పళ్ల పక్కన ఆకుకూర పెడితే పసుపెక్కిపోతుంది, వాటి నుంచి ఒక వాయువు వస్తుంది. ప్యాకెట్ మీద "ఫలానా తేదీ లోపు బాగుంటుంది" అని ఉంటే అది రుచికి సంబంధించిన గడువు. తేదీ దాటిన మర్నాడే విషమైపోదు. "ఫలానా తేదీ లోపే వాడాలి" అని ఉంటే మాత్రం దాటనివ్వకు. బుడ్డోడి విషయంలో రెండూ దాటనివ్వకు.

ఇక్కడిదాకా చదివి "నాన్న మళ్లీ క్లాసు మొదలుపెట్టాడు" అనుకుంటూ ఉంటావు. ఉపన్యాసం వద్దనుకునే కూర్చున్నాను. అమ్మ కూడా వెనక నిలబడి "నాలుగు ముక్కలన్నారు" అంటోంది. ఆమె చెప్పమన్నది ఒక్కటే: ఖర్చు తగ్గించడం అంటే నువ్వు తినడం తగ్గించడం కాదు. నువ్వు సన్నబడ్డావని పిన్ని అంది. ఆయనకీ వాడికీ పెట్టి, ఉన్నదేదో నిలబడి తినేస్తున్నావట. వారానికి ఏం వండాలో ముందే అనుకుని చీటీ రాసుకునేటప్పుడు అందులో నీకు ఇష్టమైనది ఒకటైనా ఉండాలి.

పిన్ని అన్న ఇంకో మాట రాయకుండా ముగిద్దామనే అనుకున్నాను. "నెలాఖరు వెచ్చాలు కార్డు మీదే లాగేస్తున్నాం పిన్నీ" అన్నావట. నవ్వుతూనే అన్నావంది, అందుకని నేనూ పట్టించుకోలేదు. బిల్లు వచ్చినప్పుడు మొత్తం కట్టేస్తుంటే కార్డుతో గొడవే లేదు. కనీస మొత్తం కట్టి మిగతాది వచ్చే నెలకి తోస్తుంటే మాత్రం, చాలా కార్డుల్లో ఆ తర్వాత కొన్న వాటికి కూడా గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. నెలకి 3 శాతం అనుకో, చిన్నదిలా కనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి వడ్డీ మీద వడ్డీతో 42 శాతం దాటుతుంది. తిని అరిగిపోయిన తిండికి వచ్చే ఏడాది వడ్డీ కట్టడమన్నమాట. కిలోకి ఎంత, లీటరుకి ఎంత అని నేను పైన రాసిన పొదుపంతా కలిపినా ఆ వడ్డీకి చాలదు. అలా ఏమైనా ఉంటే ముందు దాన్ని తీర్చెయ్యాలి, మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు.

అల్లుడుగారిని నేను ఏమీ అడగను. ఆయన ముందు ఈ ఉత్తరం చదవాల్సిన పని కూడా లేదు. చదివినా ఫరవాలేదు, తప్పుగా ఏమీ రాయలేదు. మా దగ్గర ఇప్పుడు ఖర్చులు తక్కువ. ఇద్దరం తినేది ఎంత? అన్నయ్య పెళ్లికని ఎత్తిపెట్టింది అలాగే ఉంది, వాడేమో ఇప్పట్లో ఒప్పుకునేలా లేడు.

కార్డు మీద ఎంత ఉందో అంకె ఒక్కటి పంపు. ఫోన్‌లో చెప్పలేకపోతే మెసేజ్ పెట్టు, ముందూ వెనకా ఏమీ రాయక్కర్లేదు. ఎందుకైంది, ఏమైంది అని అడగను. అమ్మకి చెప్పనులే. అంటే, ఆమె అడిగేదాకా చెప్పను.

ఉంటాను,
నాన్న

తా.క. మీ బట్టల మిషన్ గొట్టం ఒకసారి ఊడదీసి చూడమని అల్లుడుగారితో చెప్పు. పెళ్లికి బాబాయి ఇచ్చిన సబ్బు పొడి పెట్టె ఇంకా వాడుతున్నారేమోనని నా అనుమానం.