బెంగళూరు నగర పోలీస్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మారతహళ్లిలో మా పై అంతస్తులో ఉండే తెలుగు దంపతులు హత్యకు గురై ఐదు వారాలైంది. ఎవరు చంపారో నాకు తెలియదు. ఫోన్ తెరిస్తే మాత్రం అందరికీ తెలుసు! దహనం దగ్గర ఏడవలేదు కాబట్టి హతుడి తమ్ముడే హంతకుడని ఒకాయన తేల్చేశాడు. మూడు రోజులు నిద్ర లేకుండా మార్చురీ చుట్టూ తిరిగిన మనిషికి కన్నీళ్లు ఎక్కడ మిగులుతాయి? ఇంకొకరు బాల్కనీలో ఆరేసిన దుప్పటి మీది మరకకు ఎర్రటి సున్నా చుట్టారు. అది మా దుప్పటి. ఆ మరక బీట్‌రూట్‌ది, మా మనవడి ఘనకార్యం.

నవ్వొస్తుంది గానీ, ఆ ఇంటి పాప బడి మానేసింది. "మీ బాబాయేనట కదా" అని క్లాసులో అడుగుతున్నారట.

2008లో నోయిడాలో ఆరుషి అనే బాలిక హత్యకు గురైన కేసు మీకు తెలిసిందే. కోర్టు కంటే ముందే టీవీలు తల్లిదండ్రులను దోషులను చేశాయి. 2013లో శిక్ష పడింది. 2017లో అలహాబాద్ హైకోర్టు వాళ్లను నిర్దోషులుగా విడుదల చేసింది.

దర్యాప్తు రహస్యాలు మాకొద్దు. వారానికోసారి అధికారికంగా నాలుగు ముక్కలు చెప్పండి, వీలైతే తెలుగులో కూడా. పోలీసు దర్యాప్తు ఎలా సాగాలో చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ ప్రకారం 90 రోజుల్లోగా దర్యాప్తు పురోగతిని ఫిర్యాదుదారుకు తెలపాలి. ఇక్కడ ఫిర్యాదుదారు ఆ తమ్ముడే. ఆ కబురు యూట్యూబ్ కంటే ముందు అతనికి చేరనివ్వండి.

పాప ఫొటో ఉన్న వీడియోలను ముందు తీయించండి. లింకులు స్టేషన్‌లో రాసిచ్చాను, మొత్తం పద్నాలుగు.

ఇట్లు,
కింది అంతస్తు వాసి