ఆఖరి పేరు కూడా అతనిది కాదు: హ్యూస్టన్‌లో ఉన్న అమ్మాయికి నాన్న ఉత్తరం

చిరంజీవి అమ్ములుకి,

తెనాలి నుంచి నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోన్లో అడిగిన మాటకి ఫోన్లోనే జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. నేను ఒకటి మొదలుపెడితే మీ అమ్మ పక్కనుంచి ఇంకోటి అందుకుంటుంది. అందుకే కాగితం తీశాను. రాయడమయ్యాక ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపిస్తాను.

"బీటెక్‌లో ఆ గోల్డ్ మెడల్ ఎందుకు తెచ్చుకున్నానో నాన్నా, ఇక్కడ దాని సంగతి అడిగేవాడే లేడు" అన్నావు. దానికి నేను ఒక ఆటగాడి సంగతి చెబుతాను. మీ యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో చదివినవాడే, కేస్ కీనమ్. నువ్వు స్టేడియం ముందు నిలబడి దిగిన ఫొటో పంపిన దగ్గర్నుంచి నేను ఆ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట వెంట పడ్డాను. రిటైరైన డ్రిల్లు మాస్టారికి యూట్యూబ్ చేతికిస్తే ఇంతే మరి.

ఆట నాకు అర్థమైన తీరు ఇది, తప్పుంటే దిద్దు. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. క్వార్టర్‌బ్యాక్ అనేవాడి చేతికి బంతి రాగానే అవతలివాళ్ళు మీదికి వచ్చేస్తారు. రెండు మూడు సెకన్లలో తనవాళ్ళలో ఎవడు ఖాళీగా ఉన్నాడో చూసి విసరాలి. వాలీబాల్‌లో నెట్ దగ్గర బంతి ఎత్తిపెట్టేవాడు ఉంటాడు చూడు, అలాంటివాడన్నమాట. కాకపోతే మన దగ్గర చప్పట్లు స్మాష్ కొట్టినవాడికి, అక్కడ ఎత్తిపెట్టినవాడికి. విసిరిన బంతి పట్టుకుని జట్టు ఎంత ముందుకు పోతే ఆ గజాలన్నీ విసిరినవాడి ఖాతాలో వేస్తారు.

కీనమ్ ఖాతాలో 19,217 గజాలున్నాయి. అంటే పదిహేడున్నర కిలోమీటర్లు. 155 టచ్‌డౌన్ పాస్‌లు, అంటే అవతలి గోల్ గీత దాటించిన విసుర్లు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ పై అంచెలో ఇన్ని గజాలు ఇప్పటికీ ఎవరికీ లేవు. ఒక సీజన్లో 5,000 గజాలు దాటడమే గొప్ప అనుకుంటే ఇతను మూడు సీజన్లలో దాటాడు: 2008, 2009, 2011. డిలన్ గేబ్రియల్ అనే కుర్రాడు మొన్నమొన్నే మూడు యూనివర్సిటీలు మారి, ఆరు సీజన్లు ఆడి, 155 దగ్గర ఇతనితో సమానమయ్యాడు. గజాల్లో మాత్రం 18,722 దగ్గర ఆగిపోయాడు.

ఇంత ఆడినవాడికి స్కూల్లో ఉండగా పెద్ద కాలేజీల నుంచి వచ్చిన స్కాలర్‌షిప్ పిలుపు ఒక్కటే. టెక్సస్‌లో అబిలీన్ అని ఊరు. తండ్రి ఫుట్‌బాల్ కోచ్. స్కూలు జట్టు 2004లో రాష్ట్ర ఛాంపియన్ అయింది. అయినా మిగతావాళ్ళెవరూ ఇటు చూడలేదు. హ్యూస్టన్‌కి అప్పుడు కోచ్‌గా ఉన్న ఆర్ట్ బ్రైల్స్ ఒక్కడే చూశాడు. ఆ బ్రైల్స్ కూడా 2007 సీజన్ చివర బేలర్ యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. హ్యూస్టన్‌కి వస్తానని మాటిచ్చిన రాబర్ట్ గ్రిఫిన్ అనే ఇంకో కుర్రాడు ఆయన వెంట బేలర్‌కి వెళ్ళాడు. ఈ పేరు గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తుంది.

బ్రైల్స్ చోట కెవిన్ సమ్లిన్ వచ్చాడు. ఆయన వెంట సహాయ కోచ్‌గా డేనా హోల్గర్సన్. వీళ్ళు ఆడించిన పద్ధతిని ఎయిర్ రెయిడ్ అంటారు. మైదానం నిండా పట్టుకునేవాళ్ళని పరిచేయడం, ఒక ప్రయత్నం అవగానే మాట్లాడుకోవడానికి ఆగకుండా తర్వాతది మొదలెట్టడం, అవతలివాళ్ళకి ఊపిరి తీసుకునే సందు ఇవ్వకుండా విసురుతూనే ఉండడం. పీఈటీగా నా అభిప్రాయం చెప్పనా, ఈ పద్ధతిలో అంకెలు ఉబ్బుతాయి. మీ కాలేజీకి ఇది కొత్తేమీ కాదు. 1990లో డేవిడ్ క్లింగ్లర్ అక్కడే ఒక్క మ్యాచ్‌లో 11 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. కాబట్టి "అదంతా పద్ధతి పుణ్యం" అన్నవాళ్ళ మాట పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ ఆ పద్ధతి చేతికి దొరికిన ప్రతివాడూ 19,217 దాకా రాలేదు కదా.

నన్ను బాగా కట్టిపడేసింది 2010 సెప్టెంబర్ 18. లాస్ ఏంజెలెస్ దగ్గర రోజ్ బౌల్ స్టేడియంలో యూసీఎల్ఏ యూనివర్సిటీతో మ్యాచ్. ఇతను విసిరిన బంతిని అవతలివాడు పట్టుకుని పరిగెత్తాడు. అలాంటప్పుడు క్వార్టర్‌బ్యాక్ పక్కకి తప్పుకున్నా తిట్టేవాళ్ళు ఎక్కువమంది ఉండరు. అతని శరీరం జట్టుకి అంత ఖరీదైనది. ఇతను మాత్రం వాణ్ణి పడగొట్టడానికే పరిగెత్తాడు. కుడి మోకాల్లో లిగమెంట్ తెగింది. మా స్కూలు గ్రౌండ్లో మోకాలు పట్టుకుని కూలబడ్డ పిల్లల్ని చూశాను కాబట్టి ఆ వీడియో రెండోసారి చూడలేకపోయాను. సీజన్ అయిపోయింది. అదే అతనికి ఐదో ఏడు. ఐదేళ్ళలో నాలుగు సీజన్లు ఆడుకోవచ్చన్నది అప్పట్లో అక్కడి నియమం, ఇతను మొదటి ఏడాది ఆడకుండా కూర్చున్నాడు. దెబ్బ వల్ల పోయిన ఏడాదికి బదులు ఇంకో ఏడాది ఇమ్మని అర్జీ పెట్టుకుంటే, 2011 జనవరిలో కాలేజీ ఆటలు నడిపే సంఘం ఎన్‌సీఏఏ ఆరో ఏడాదికి ఒప్పుకుంది.

ఆ ఆరో ఏడాదే అసలు పంట. అక్టోబర్‌లో రైస్ యూనివర్సిటీ మీద ఒక్క మ్యాచ్‌లో 9 టచ్‌డౌన్ పాస్‌లు. వరసగా 12 గెలుపులు. పదమూడోది సొంత మైదానంలో, కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసిన లీగ్) ఫైనల్, సదరన్ మిసిసిపీ చేతిలో 49-28తో ఓటమి. దాంతో సీజన్ చివర జరిగే పెద్ద బౌల్ మ్యాచ్ చేజారిపోయింది. వారం తిరిగేసరికి సమ్లిన్ టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. హోల్గర్సన్ రెండేళ్ళ ముందే వేరేచోటికి వెళ్ళాడు. చూశావా, సమ్లిన్, హోల్గర్సన్ ఇద్దరూ ఇతని అంకెలు చూపించుకుని పై మెట్టుకి ఎక్కారు. నేను తప్పుపట్టడం లేదు, ఉద్యోగాలు అలాగే ఉంటాయి. సమ్లిన్ లేకుండా వెళ్ళిన జట్టుతోనే డాలస్‌లో పెన్ స్టేట్ మీద 532 గజాలు విసిరి 30-14తో గెలిచి కాలేజీ ఆట ముగించాడు.

ఇక 2012 ఏప్రిల్. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని వరసగా పేరుపెట్టి పిలుచుకునే డ్రాఫ్ట్. మొత్తం 253 పేర్లు. రెండో పేరు రాబర్ట్ గ్రిఫిన్, హ్యూస్టన్‌కి వస్తానని బేలర్ వెళ్ళినవాడు. పదకొండు మంది క్వార్టర్‌బ్యాక్‌లని పిలిచారు. ఆఖరి 253వ పేరు కూడా ఒక క్వార్టర్‌బ్యాక్‌దే. అదీ కీనమ్‌ది కాదు! ఎత్తు చాలదన్నారు, చేతి బలం చాలదన్నారు.

నీ మెడల్ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ 19,217 గజాలకి ఎన్‌ఎఫ్‌ఎల్ అతనికి బాకీ ఏమీ లేదు. వాళ్ళు పిలవనందుకు అందులో ఒక్క గజం తరిగిపోలేదు కూడా. ఆ గజాలు హ్యూస్టన్‌లో, ఆ శనివారాల్లో, చూడవచ్చిన జనం ముందు జరిగిపోయాయి. నువ్వు ఆ మెడల్ కోసం చదివిన నాలుగేళ్ళూ నాకు తెలుసు, మన ఇంట్లోనే జరిగాయి కాబట్టి. అక్కడి కంపెనీవాడికి తెలియకపోతే అది వాడి సంగతి. చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ గడువు దగ్గరపడుతుంటే నాన్న కబుర్లు చెబుతున్నాడని విసుక్కోకు. ఓపిక పట్టమని చెప్పడానికి కూడా కాదు ఇది. అతను మాత్రం ఓపిక పట్టి కూర్చున్నాడా? డ్రాఫ్ట్ అయిపోగానే, పిలవని వాళ్ళకి దొరికే చిన్న కాంట్రాక్ట్ మీద హ్యూస్టన్ టెక్సన్స్‌లో చేరాడు. ఏడాదంతా ప్రాక్టీస్ స్క్వాడ్. జట్టుతో కలిసి చెమటోడ్చాలి, మ్యాచ్ రోజున దిగకూడదు.

2013లో దింపారు. ఎనిమిది మ్యాచ్‌లకి మొదటి క్వార్టర్‌బ్యాక్‌గా దిగాడు, ఎనిమిదీ పోయాయి. మొదటిది కాన్సస్ సిటీలో 17-16. సినిమా అయితే అవకాశం రాగానే గెలిచేవాడు. తర్వాత ఏడాది సెయింట్ లూయిస్ రామ్స్ ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉండగా డిసెంబర్‌లో మళ్ళీ టెక్సన్స్ పిలిచారు. వచ్చిన వారంలోనే బాల్టిమోర్ మీద దిగి గెలిపించాడు.

ఇలా బయట కూర్చోవడం గురించి నాకు కాస్త తెలుసు. జిల్లా టోర్నమెంట్లకి కబడ్డీ జట్టుని తీసుకెళ్తే పన్నెండు మందిలో ఆడేది ఏడుగురు. బయట కూర్చున్న ఐదుగురి అమ్మానాన్నలే "మావాణ్ణి ఎప్పుడు దింపుతారు మాస్టారూ" అని నా వెంటపడేవాళ్ళు. నేను చూసేది వేరు. బయట కూర్చున్నవాడి కళ్ళు కోర్టులో ఉన్నాయా, పక్కవాడితో కబుర్లలో ఉన్నాయా? కబుర్లలో ఉన్నవాణ్ణి దింపితే వాడికి అవతలి రైడర్ ఏ కాలు ముందు పెడతాడో కూడా తెలిసేది కాదు.

2017లో మిన్నెసోటా వైకింగ్స్ ఇతన్ని ఏడాది ఒప్పందం మీద రెండోవాడిగా తీసుకుంది. మొదటివాడు శామ్ బ్రాడ్‌ఫర్డ్ మోకాలి దెబ్బతో కూలబడ్డాడు. కీనమ్ 14 మ్యాచ్‌లకి మొదటి క్వార్టర్‌బ్యాక్‌గా దిగి 11 గెలిపించాడు. అప్పుడు వచ్చింది 2018 జనవరి 14, మనకి సంక్రాంతి సందడి రోజులు. న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ 24, వైకింగ్స్ 23. పది సెకన్లు మిగిలాయి, గోల్ 61 గజాల దూరం. కుడివైపు గీత దగ్గరికి ఎత్తుగా విసిరాడు. స్టెఫాన్ డిగ్స్ గాల్లోకి లేచి పట్టాడు. గీత దాటి బయటపడి గడియారం ఆపితే, ఆఖరి కిక్‌తో గెలవచ్చన్నది వాళ్ళ లెక్క. అవతలి కుర్రాడు పట్టబోయి గురి తప్పి కింద పడ్డాడు. డిగ్స్ ఒక చెయ్యి నేలకి ఆనించి, నిలదొక్కుకుని, ఎదురు లేకుండా గోల్ దాకా పరిగెత్తాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ నాకౌట్ మ్యాచ్ ఒకటి నిర్ణీత సమయం చివరి బంతికి టచ్‌డౌన్‌తో ముగియడం అదే మొదలు. ఇందులో నేను కీనమ్‌కి పావు వంతే ఇస్తాను. సగం డిగ్స్ కాళ్ళది, మిగతాది అదృష్టం.

తర్వాతి వారమే ఫిలడెల్ఫియా చేతిలో 38-7. సీజన్ అవగానే వైకింగ్స్ ఇతన్ని వదిలి ఎక్కువ డబ్బు పెట్టి కర్క్ కజిన్స్‌ని తెచ్చుకున్నారు. కజిన్స్ ఎవరనుకున్నావు, 2012 డ్రాఫ్ట్‌లో పిలిచిన ఆ పదకొండు మందిలో ఒకడు. ఆ తర్వాత డెన్వర్, వాషింగ్టన్, క్లీవ్‌లాండ్, బఫెలో, మళ్ళీ హ్యూస్టన్. 2023 డిసెంబర్‌లో అసలు క్వార్టర్‌బ్యాక్ దెబ్బతిని ఆడలేకపోతే, 35 ఏళ్ళ వయసులో నాష్‌విల్‌లో దిగి అదనపు సమయంలో 19-16తో గెలిపించాడు. 2025లో చికాగో బేర్స్‌లో చేరాడు. ఆ 253 మందిలో చాలామంది ఆట మానేసి ఏళ్ళయింది. రెండో పేరు గ్రిఫిన్‌కి మోకాలి దెబ్బల తర్వాత మునుపటి ఆట రాలేదు. అది చూసి సంతోషపడే గుణం నాకు లేదు, ఆ కుర్రాడి పరుగు చూశాక అసలు రాదు.

ఒక సందేహం మిగిలిపోయింది. బంతి పట్టుకునేవాడికి కాలేజీలో ఒక కాలు గీత లోపల పడితే చాలు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండు కాళ్ళూ పడాలట. అదే ఆట, అదే బంతి, ఈ తేడా ఎందుకు పెట్టుకున్నారో నాకు అంతుపట్టలేదు. అక్కడ కోచ్‌లెవరైనా తారసపడితే అడిగి చెప్పు.

మీ పెద్దత్త కొడుకు వచ్చే నెల డాలస్ వస్తున్నాడు. గోంగూర పచ్చడి, కారప్పొడి అతని చేత పంపుతోంది మీ అమ్మ. ఇంటర్వ్యూ ఉన్న రోజు తినకుండా వెళ్ళొద్దని చెప్పమంది.

ఆశీస్సులతో,
మీ నాన్న