వార్షిక నివేదిక: ‘మా బస్తీ కార్మికులు, వాళ్ల సంఘం’ విద్యార్థుల చిత్రలేఖన పోటీ

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మన సంఘం పనుల్లో ఎక్కువ శ్రమా, ఎక్కువ చర్చా చిత్రలేఖన పోటీ చుట్టూనే నడిచాయి. అందుకే నివేదికలో సింహభాగం దానికే పోయింది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

అంశం

‘కార్మికుడు’ అని మాత్రమే ఇస్తే పిల్లలు ఏం వేస్తారో డ్రాయింగ్ మాస్టార్లందరికీ తెలుసు. కండలు తిరిగిన చెయ్యి, అందులో సుత్తి, వెనక పొగగొట్టం. లేదంటే నెత్తిన ఇటుకలు మోస్తున్న తల్లి, చెంప మీద కన్నీటి చుక్క. మొదటి బొమ్మ కష్టాన్ని పొగుడుతుంది, రెండోది జాలిపడుతుంది. రెండింట్లోనూ యూనియన్ ఉండదు. కాస్త చెయ్యి తిరిగిన పిల్లలైతే చెన్నై మెరీనా బీచిలో దేవీప్రసాద్ రాయ్‌చౌదరి చేసిన శిల్పాన్ని, అదే బండను కదిలిస్తున్న నలుగురిని, ఫోన్లో చూసి దించేస్తారు. శిల్పం గొప్పదే గానీ ఆ నలుగురూ మన గల్లీవాళ్లు కారు.

అందుకే బొమ్మలో కార్మికులు కలిసి చేసే పని ఒకటి తప్పనిసరి అని నిబంధన పెట్టాం. గేట్ మీటింగ్ కావచ్చు, చందా వసూలు కావచ్చు, డిమాండ్ల పత్రం ఇవ్వడం, యాజమాన్యంతో చర్చలు, సమ్మె టెంటు, ఒప్పందం అయ్యాక స్వీట్లు పంచడం, ఏదైనా సరే. ఎన్నికల గుర్తులూ, బతికున్న నాయకుల ముఖాలూ వద్దన్నాం. జెండా రంగు పిల్లల ఇష్టం. ఎర్రజెండా ఒక్కటే యూనియన్ జెండా కాదు, భారతీయ మజ్దూర్ సంఘ్ (బీఎంఎస్) జెండా కాషాయం, కాంగ్రెస్ అనుబంధ సంఘమైన ఐఎన్‌టీయూసీది మువ్వన్నెలు. ఈ మాట ముందే చెప్పకపోతే ఇళ్ల నుంచి ఫిర్యాదులు వస్తాయి. చార్మినార్ వేసినందుకు మార్కులు రావు, పోవు. అయినా సగం బొమ్మల్లో ఓ మూల అది ఉండనే ఉంది!

ముందు పాఠం, తర్వాత బొమ్మ

ప్రతి బడిలో పోటీకి వారం ముందు ఒక పీరియడ్, అంటే 45 నిమిషాలు, అడిగి తీసుకున్నాం. ఉపన్యాసం పెడితే పది నిమిషాలకే పిల్లలు కిటికీ వైపు చూస్తారు. అందుకని బల్ల మీద వస్తువులు పరిచాం: కౌంటర్‌ఫాయిలుతో సహా చందా రసీదు పుస్తకం, డిమాండ్ల పత్రం నకలు, మార్కెట్ హమాలీ బస్తాకు గుచ్చే ఇనుప కొక్కెం, రైల్వే కూలీ చేతికి కట్టుకునే ఇత్తడి బిల్ల. కొక్కెం చెక్కపిడి, అరచెయ్యి ఆనే చోట నున్నగా నల్లబడి ఉంది. పిల్లలు ఎక్కువసేపు చేతుల్లో తిప్పి చూసింది దాన్నే.

మాటల్లో చెప్పినవి తక్కువే, అవి కూడా ఊరివే. 1932లో నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైందనీ, 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారనీ చెప్పాం. ట్యాంక్‌బండ్ మీద విగ్రహంగా కనిపించే మఖ్దూం మొహియుద్దీన్ కవి మాత్రమే కాదు, కమ్యూనిస్టు నాయకుడు రాజ్ బహదూర్ గౌర్‌తో కలిసి 1940లలో హైదరాబాద్ కార్మిక సంఘాలను నడిపినవాడని చెప్తే టీచర్లే ఆశ్చర్యపోయారు. దేశంలో మొదటి మేడే 1923లో మద్రాసులో కార్మిక నాయకుడు సింగారవేలు జరిపాడన్నది పెద్ద తరగతులకు చెప్పాం.

అన్నిటికన్నా బాగా అంటుకున్నది చట్టంలోని ఒక చిన్న సంగతి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం ప్రకారం సంఘం రిజిస్ట్రేషన్ దరఖాస్తు మీద కనీసం ఏడుగురు సభ్యులు సంతకం పెట్టాల్సి ఉండేది. ‘ఏడుగురు చాలా?’ అని ప్రతి బడిలోనూ అడిగారు. ఏడో తరగతి వరకున్న విభాగంలో మొదటి బహుమతి వచ్చిన బొమ్మ ఆ ప్రశ్నలోంచే పుట్టింది. అందులో ఒక్క ముఖం కూడా లేదు. పై నుంచి చూసినట్టు ఒక కాగితం, చుట్టూ ఏడు చేతులు. ఒకదానికి గోరింటాకు, ఒకదానికి చీపురు పట్టీ పట్టీ కాయలు కాసిన బొటనవేలి మొదలు, ఒకదానికి వేలిముద్ర వేసిన నీలం సిరా ఇంకా ఆరలేదు.

తేదీ

మేడేకి పోటీ పెడదామనడం వినడానికి బాగుంటుంది, జరగదు. ఏప్రిల్ చివరి వారానికి బడులు మూసేస్తారు. దానికి ముందు వార్షిక పరీక్షలు, మార్చిలో పదో తరగతి, ఇంటర్ పబ్లిక్ పరీక్షలు. అందుకే పోటీ ఫిబ్రవరి రెండో శనివారం, ప్రదర్శనా బహుమతులూ మే 1న. అంశం పత్రాన్ని తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింట్లోనూ అచ్చు వేయించాలి. ఉర్దూ మీడియం బడులకు తెలుగు కాగితం పంపి, పిల్లలు రాలేదని అనుకుని లాభం లేదు.

కాగితం, రంగులు

కాగితం ఏ3 సైజు, 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువుండే) డ్రాయింగ్ షీటు, మన సంఘమే ఇచ్చింది. ఇంటి నుంచి తెచ్చుకోమంటే పల్చటి షీట్లు తెస్తారు. నీటి రంగు పడగానే పై పొర ఉబ్బి, అంచులు లేచి, రంగు మధ్యలో మడుగు కడుతుంది. నున్నటి చార్ట్ పేపరు మీదైతే పోస్టర్ కలర్ ఆరాక పెచ్చులుగా రాలుతుంది.

పరీక్ష ప్యాడ్ ఏ3కి చాలదు. 8×4 అడుగుల, 3 మి.మీ. హార్డ్‌బోర్డు కొని కోయిస్తే 12×18 అంగుళాల పలకలు ఇరవై వచ్చాయి. అడ్డంగా కోస్తే పదహారే వస్తాయి, వడ్రంగికి లెక్క కాగితం మీద గీసి ఇవ్వాలి. పలకకు రెండు క్లిప్పులు. ఫ్యాన్లు ఆపలేం కాబట్టి క్లిప్పు లేని షీటు పక్కవాడి తడి బొమ్మ మీదే వాలుతుంది.

పోస్టర్ కలర్లో నీళ్లు ఎక్కువైతే జిగురు పల్చబడి, ఆరాక ముట్టుకుంటే పొడి చేతికంటుతుంది. మజ్జిగంత కాదు, పెరుగంత చిక్కగా కలపమని చెప్పాలి. ఎరుపు అన్నిటికన్నా ముందు అయిపోతుంది, డబ్బాల సెట్టు కాక విడిగా పెద్ద సీసాలు కొనాలి. ఆయిల్ పేస్టల్ బొమ్మలు ఆరడమంటూ ఉండదు, బటర్ పేపర్ మధ్యలో పెట్టకుండా దొంతర పేరిస్తే అడుగు బొమ్మ రంగు పై బొమ్మ వీపుకెక్కుతుంది.

పోటీ, మార్కులు

ఆరు–ఏడు తరగతులకు గంటన్నర, ఎనిమిది నుంచి పైవాళ్లకు రెండు గంటలు. మొదటి పదిహేను నిమిషాలు రంగు తియ్యకూడదు, చిత్తుకాగితం మీద మూడు చిన్న నమూనాలు గీసి ఒకటి ఎంచుకోవాలి. ఈ ఒక్క నియమంతో చెరిపివేతలు సగానికి సగం తగ్గాయి. ఇంటి దగ్గర వేసి తెచ్చినవి తీసుకోలేదు, వాటిలో అన్నల చెయ్యి, అక్కల చెయ్యి ఉంటుంది.

షీటు వెనక పెన్సిల్‌తో నంబరు మాత్రమే రాశాం, పేర్లు రిజిస్టరులో ఉన్నాయి. పెన్నుతో రాస్తే తడికి సిరా ముందువైపు తేలుతుంది. న్యాయనిర్ణేతలు ముగ్గురు: ఒక డ్రాయింగ్ టీచరు, ఒక రిటైరైన యూనియన్ కార్యకర్త, ఒక ప్రెస్ ఫోటోగ్రాఫరు. యాభై మార్కుల్లో ఇరవై ‘సంఘం కనిపించిందా’ అన్నదానికే. మిగతావి కూర్పుకి పదిహేను, గీతా రంగులకి పది, సొంత ఆలోచనకి అయిదు. ఇద్దరి మార్కుల మధ్య పదికి మించి తేడా వస్తే బొమ్మను మళ్లీ బల్ల మీద పెట్టి మాట్లాడుకోవాలి. టీచరు చక్కటి షేడింగుకు మొగ్గుతారు, కార్యకర్త జెండాకు మొగ్గుతారు. ఇద్దరినీ ఆపేది మూడో మనిషే.

ప్రదర్శన

మే ఎండలో రేకుల షెడ్డు కింద డబుల్ టేపు పట్టదు, మధ్యాహ్నానికి బొమ్మలు ఒక్కొక్కటే జారతాయి. నైలాన్ తాడు కట్టి బట్టల క్లిప్పులు పెట్టడమే మేలు. పేస్టల్ బొమ్మలు పడమటి గోడకు వద్దు. సాయంత్రం గాలివానకు ప్లాస్టిక్ పట్టా సిద్ధంగా ఉంచుకోవాలి. బహుమతిగా నగదు కాకుండా స్కెచ్‌బుక్కు, రంగుల పెట్టె ఇచ్చాం. యాజమాన్యాల దగ్గరా, పార్టీల దగ్గరా చందా తీసుకోలేదు.

మిగతా పనులు

అడ్డా కూలీలకు భవన నిర్మాణ కార్మికుల కార్డు దరఖాస్తుల్లో సాయం చేశాం. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపు వయసు, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజుల పని చూపించాలి. చాలా దరఖాస్తులు ఆధార్‌కు ఫోన్ నంబరు జతకాక ఓటీపీ దగ్గరే ఆగుతున్నాయి. ముందు ఆ పని చేయించుకుని రమ్మని చెప్పండి. వైద్య శిబిరం, గ్రంథాలయం పనులు మామూలుగానే సాగాయి.

హార్డ్‌బోర్డు పలకలు, క్లిప్పులు ఆఫీసు అటక మీద ఉన్నాయి. కావలసిన బడులు రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకెళ్లవచ్చు. బొమ్మలు తీసుకోని పిల్లల తల్లిదండ్రులు జూన్‌లో బడులు తెరిచేలోపు వచ్చి తీసుకెళ్లాలని మనవి. బడి మారిన పిల్లల్ని ఆ తర్వాత వెతికి పట్టుకోవడం కష్టం.