సిమెంటు పర్మిట్ నాటి సమానత్వం

సంపాదకులకు,

అసమానతలన్నింటికీ స్వేచ్ఛా విపణే మూలమన్న మాట ఈ మధ్య తరచుగా వినబడుతోంది. ఆ విపణి రాకముందటి రోజులు చూసినవాడిగా ఒక సంగతి మనవి చేస్తాను. 1970ల చివర మా నాన్నగారు పెంకుటింటిపై మేడ వేయదలచి, సిమెంటు కొనడానికి అప్పట్లో కావలసిన ప్రభుత్వ పర్మిట్ కోసం నాలుగు నెలలు కార్యాలయం చుట్టూ తిరిగారు. చివరకు వచ్చిన బస్తాల్లో కొన్ని గడ్డకట్టి ఉన్నాయి. అదే వీధిలో పలుకుబడి గల ఆసామికి ఆ తిప్పలేవీ ఎదురుకాలేదు.

కొరత వస్తువును అధికారి సంతకం పంచిపెట్టినప్పుడు, ఆ సంతకానికి దగ్గరగా ఉన్నవాడే బాగుపడతాడు. 1959లో రాజాజీ స్థాపించిన స్వతంత్ర పార్టీ వాదన ఇదే. దాని తొలి అధ్యక్షుడు ఎన్.జి. రంగా రైతు ఉద్యమం నుంచి వచ్చినవారని మనవాళ్లు మరచిపోతుంటారు. సిమెంటుపై నియంత్రణ 1982లో కొంత, 1989లో పూర్తిగా తొలగింది. పరిశ్రమల శాఖను తన వద్దే ఉంచుకున్న పి.వి. నరసింహారావు హయాంలో, 1991 జూలై 24న ప్రకటించిన విధానం 18 పరిశ్రమలకు తప్ప మిగతావాటి స్థాపనకు కావలసిన లైసెన్సులను రద్దు చేసింది.

ఆ తరువాత సంపదలో అంతరం పెరిగిన మాట కాదనను. అయితే పోటీలో నెగ్గి గడించినదాన్నీ, గనుల లీజో ప్రభుత్వ భూమో చేజిక్కించుకుని గడించినదాన్నీ ఒకే గాటన కట్టడం తగదు. రెండవది పాత పర్మిట్‌కు కొత్త చొక్కా తొడగడమే. బడి, ఆసుపత్రి ప్రభుత్వం నడపాలనే వారితో నాకు పేచీ లేదు (స్వేచ్ఛావాద మిత్రులు నన్ను క్షమించాలి). మా వీధి మలుపులో తోపుడుబండిపై ఇడ్లీలు అమ్మే ఆమెకు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద రావలసిన ధ్రువపత్రం ఇంకా రాలేదు. దాన్ని ఆపింది విపణి కాదు గదా.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు