చెల్క నేలకు తగిన కర్రు

మహబూబ్‌నగర్

బిడ్డా,

నువ్వు పంపిన ప్రాజెక్టు ప్రతిపాదన నిదానంగా చదివాను. కల్టివేటర్ కర్రును ఉక్కుతో కాకుండా ఆస్టెంపర్ చేసిన (బాగా వేడిచేసి, కరిగిన ఉప్పులో ముంచి గట్టిపరిచిన) ఎస్‌జీ ఇనుముతో, అంటే గ్రాఫైటు గుళికలుండే పోత ఇనుముతో, పోత పోయాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. పాలమూరు చెల్కల్లో, మొరం తేలిన నేలల్లో కర్రు ఎంత త్వరగా అరిగిపోతుందో మీ మామయ్యను కదిలిస్తే చాలు, పూటంతా చెబుతాడు. అయితే నీ కాగితాల్లో సాల్ట్ బాత్ (కరిగిన ఉప్పు తొట్టి) గురించి, ఉష్ణోగ్రతల గురించి పేజీలకు పేజీలున్నాయి. పోత గురించి మాత్రం నాలుగు వాక్యాలే ఉన్నాయి. "మంచి ఎస్‌జీ పోత తీసుకుని" అంటూ నేరుగా కొలిమిలోకి వెళ్లిపోయావు. ఆ మంచి పోత ఎక్కడినుంచి వస్తుంది? పోతలో ఉన్న లోపాన్ని ఏ ఉష్ణచికిత్సా సరిదిద్దలేదు. ముందు అది నీకు గట్టిగా తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

బీడులో, అంటే పోత ఇనుములో, మూడున్నర శాతం దాకా కార్బన్ ఉంటుంది. ద్రవం గడ్డకట్టేటప్పుడు అందులో ఎక్కువ భాగం గ్రాఫైటుగా విడిపోతుంది. మామూలు బీడులో అది పలుచని రేకులుగా పెరుగుతుంది. లాగినా, కొట్టినా ఒత్తిడంతా ఆ రేకుల పదునైన అంచుల దగ్గర చేరుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. అదే గ్రాఫైటు గుండ్రటి గుళికలుగా ఏర్పడితే పగులుకు ఆ దారి దొరకదు. చుట్టూ ఉన్న లోహం సాగుతుంది, వంగుతుంది. ఇంత తేడాకూ కారణం ఇనుములో 0.03 నుంచి 0.05 శాతం మెగ్నీషియం మిగిలి ఉండటమే.

ఈ సంగతిని 1943లో అమెరికాలో ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీలో పనిచేస్తున్న కీత్ మిల్లిస్ కనిపెట్టాడు. యుద్ధకాలంలో క్రోమియానికి కొరత వచ్చి, అరుగుదలను తట్టుకునే పోతల్లో దానికి బదులు ఏది వేయవచ్చో వెతుకుతూ మెగ్నీషియం కలిపి చూశాడు. 1949లో పేటెంటు వచ్చింది. బ్రిటన్‌లో హెన్టన్ మారో దాదాపు అదే కాలంలో సీరియం అనే మరో లోహంతో గుళికలు సాధించాడు. క్రోమియానికి బదులు కోసం వెతికినవాడికి అంతకంటే ఎన్నో రెట్లు విలువైనది దొరికింది. నీ ప్రయోగాల్లో కూడా అనుకోని ఫలితం వస్తే పక్కన పడేయకుండా రాసి పెట్టుకో.

ఇక ఫౌండ్రీలో, అంటే పోతలు పోసే చోట, నువ్వు కళ్లారా చూడవలసినవి. మెగ్నీషియం 1090 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. లాడిల్‌లో (కరిగిన లోహం పట్టే పాత్రలో) ఇనుము 1400 డిగ్రీలు దాటి ఉంటుంది. అందుకే రెండూ కలిసినప్పుడు తెల్లటి వెలుగుతో భగ్గుమంటుంది. ఆ మంటను తగ్గించడానికి మెగ్నీషియాన్ని ఫెర్రోసిలికాన్‌తో (ఇనుము, సిలికాన్ మిశ్రమంతో) కలిపిన ముక్కలుగా లాడిల్ అడుగున గుంటలో పెట్టి, పైన ఉక్కు తునకలు కప్పి, అప్పుడు ఇనుము పోస్తారు. అసలు చిక్కు ఆ తరువాత ఉంది. లోపల నిలిచిన మెగ్నీషియం నిమిషాలు గడిచేకొద్దీ తగ్గిపోతూ ఉంటుంది. పోయడం ఆలస్యమైతే మొదటి అచ్చులో గుళికలు, చివరి అచ్చులో రేకులు వచ్చినా ఆశ్చర్యం లేదు. కాబట్టి నీ పరీక్ష ముక్కను ఎప్పుడూ చివరి అచ్చు నుంచే అడుగు. మొదటి దాని నుంచి తీసి ఇస్తామంటే ఒప్పుకోకు.

ఇది ఊరికే చెప్పడం లేదు. ఆ మధ్య మా విద్యార్థులు విరిగిన ట్రాక్టర్ బ్రాకెట్ ఒకటి ల్యాబుకు తెచ్చారు. ఎస్‌జీ అని చెప్పి అమ్మిన భాగం అది. ముక్క కోసి, నునుపు చేసి మైక్రోస్కోపు కింద పెడితే సగం మేర రేకులే కనిపించాయి. దాన్ని కొన్న రైతు దుక్కుల మధ్యలో ట్రాక్టరు ఆపుకుని కూర్చోవలసి వచ్చింది. ఎవరో కొద్ది నిమిషాలు ఉపేక్షించినందుకు ఆయనకు నేల పదును పోయింది. అప్పటి నుంచి పోత నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు నాకు కోపం ఆగదు.

మైక్రోస్కోపు కింద రెండు విషయాలు చూడు. గ్రాఫైటులో కనీసం 85 శాతం, వీలైతే 90 శాతం గుండ్రంగా ఉండాలి. చదరపు మిల్లీమీటరుకు కనీసం 100 గుళికలైనా ఉండాలి. ఈ రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. గుళికలు తక్కువైతే వాటి మధ్య దూరం పెరుగుతుంది, చివరగా గడ్డకట్టే ఆ మధ్య భాగాల్లో మాంగనీసు పోగవుతుంది. ఆ చోట్ల ఉష్ణచికిత్సలో రావలసిన మార్పు ఆలస్యంగా జరుగుతుంది, కార్బైడ్లు (లోహంతో కార్బన్ కలిసిన పెళుసు కణాలు) కూడా ఏర్పడతాయి. అందుకే మాంగనీసు 0.3 శాతం లోపే ఉంచమని చెబుతారు. ఫౌండ్రీవాళ్లు చేతికి దొరికిన ఉక్కు తుక్కు వేసి కరిగిస్తే అది తెలియకుండానే పెరుగుతుంది. మాలిబ్డినం కూడా అలాగే పోగయ్యే గుణం కలది. నువ్వు ప్రతిపాదనలో నికెల్, మాలిబ్డినం రెండూ రాశావు. మందపాటి గేర్లకైతే సరే. మన కర్రు పలుచనిది కాబట్టి లోపలి దాకా త్వరగా చల్లబడుతుంది. కొద్దిగా రాగితో సరిపోతుందేమో ముందు చూడు. రైతు కొనవలసిన వస్తువు ధర పెంచే ముందు ఆ అవసరం నిజంగా ఉందో లేదో తేల్చుకోవాలి.

ఉష్ణచికిత్స గురించి నువ్వు రాసింది సరిగ్గానే ఉంది. పోతను 900 డిగ్రీల ప్రాంతంలో కొంతసేపు వేడిగా ఉంచడం, అక్కడినుంచి 230 నుంచి 400 డిగ్రీల మధ్య ఉన్న కరిగిన ఉప్పులో వేగంగా ముంచడం, గంటో రెండు గంటలో ఉంచి బయటకు తీయడం. మెటలర్జీ చదివే నీకు అలా ఏర్పడే ఆస్‌ఫెర్రైట్ అనే లోపలి నిర్మాణం గురించి నేను చెప్పనక్కరలేదు. ఒక్క విషయం మాత్రం నొక్కి చెబుతాను. రెండున్నర శాతం దాకా ఉన్న సిలికాన్, కార్బైడ్లు పుట్టకుండా అడ్డుకోబట్టే కార్బన్ ఆ నిర్మాణంలోని ఆస్టెనైట్ అనే సాగే భాగంలో చేరి దాన్ని స్థిరంగా ఉంచుతుంది. కానీ ఆ అడ్డుకు ఒక హద్దు ఉంది. బాత్‌లో మరీ ఎక్కువసేపు ఉంచితే ఆస్టెనైట్ విడిపోయి కార్బైడ్లు పుడతాయి, సాగే గుణం పోతుంది. తొందరగా తీస్తే స్థిరపడని ఆస్టెనైట్ చల్లారేటప్పుడు మార్టెన్‌సైట్ అనే గట్టి రూపంలోకి మారి పెళుసవుతుంది. ఈ రెండింటి మధ్య వ్యవధి ఎంతో నీ పోతకు నువ్వే కనుక్కోవాలి. వేరేవారి పట్టికలోంచి ఎత్తి రాయకు.

ఇప్పుడు నాకు అభ్యంతరం ఉన్న చోటికి వస్తాను. నువ్వు 1400 రకాన్ని, అంటే 1400 మెగాపాస్కల్ లాగుడు ఒత్తిడిని తట్టుకునేదాన్ని, ఎంచుకున్నావు. అంకెలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 1865లోని 400/15 రకం మామూలు ఎస్‌జీ ఇనుము 400 మెగాపాస్కల్ తట్టుకుంటే, అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17804లోని పై రకం 1400 తట్టుకుంటుంది. అయితే సాగే గుణం 15 శాతం నుంచి 1 శాతానికి పడిపోతుంది. అదే ప్రమాణంలో 800 రకానికి 10 శాతం, 1050 రకానికి 6 శాతం, 1200 రకానికి 3 శాతం ఉన్నాయి. బాత్ ఉష్ణోగ్రత తగ్గించేకొద్దీ గట్టిదనం, పెంచేకొద్దీ సాగే గుణం వస్తాయి. మన చెల్కల్లో ఇసుక ఒక్కటే ఉంటే 1400 రకమే మేలు అనేదాన్ని. అచ్చంపేట, దేవరకొండ వైపు పొలాల్లో మట్టి కింద దాగిన రాయి ట్రాక్టరు వేగంతో కర్రుకు తగిలితే పరిస్థితి వేరు. అక్కడ 1050, 1200 రకాలను కూడా దింపి చూడాలి. మూడూ పక్కపక్కన ఒకే కల్టివేటర్‌కు బిగిస్తేనే నిజం తెలుస్తుంది.

ఈ ఇనుము అరుగుదలను తట్టుకునే తీరు కూడా అంత సూటిగా ఉండదు. గట్టి ఒత్తిడి పడినప్పుడు పైపొరలోని ఆస్టెనైట్ మార్టెన్‌సైట్‌గా మారి మరింత గట్టిపడుతుంది. ఎక్స్‌కవేటర్ పళ్లకు, గేర్లకు ఇది వరం. కానీ ఆ మార్పు రావాలంటే తగినంత ఒత్తిడి కావాలి. మెత్తటి ఇసుక నేల కర్రును ఊరికే రాస్తూ పోతుందే తప్ప అంత నొక్కదు, అక్కడ ఈ లాభం తక్కువ. మొరం, గులకరాళ్లు ఉన్న నేలలోనే ఎక్కువ మేలు కనిపించవచ్చు. కాబట్టి పరీక్ష రెండు రకాల నేలల్లో పెట్టు. ఒకచోట వచ్చిన ఫలితాన్ని జిల్లా అంతటికీ అంటగట్టకు.

ఆస్టెంపర్ చేసిన ఈ ఇనుముకు ప్రపంచంలో మంచి చరిత్రే ఉంది. 1972లో చిన్న కంప్రెసర్ క్రాంక్‌షాఫ్టుతో వాణిజ్యంగా మొదలై, అదే దశకంలో వాహనాల వెనుక ఇరుసు గేర్ల దాకా వెళ్లింది. లారీ సస్పెన్షన్ బ్రాకెట్లు, రైలు భాగాలు, నాగలి మొనలు వచ్చాయి. ఉక్కు సాంద్రత 7.8 అయితే దీనిది 7.1 ప్రాంతం, అంటే పది శాతం దాకా తేలిక. గ్రాఫైటు ప్రకంపనలను మింగేస్తుంది గనుక గేర్ల చప్పుడూ తగ్గుతుంది. మన కర్రుకు చప్పుడుతో పనిలేదు కానీ, బరువు తగ్గడం, రూపం నేరుగా అచ్చులోనే రావడం రెండూ పనికొస్తాయి.

మామయ్యకు ముందే చెప్పి ఉంచవలసిన మాట ఒకటుంది. అరిగిన కర్రు మీద వెల్డింగ్ రాడ్డుతో పొర వేయించడం ఊళ్లో అందరికీ అలవాటు. దీని మీద అలా వేయించకూడదు. ఆ వేడికి ఆస్‌ఫెర్రైట్ చెడిపోతుంది, కార్బన్ ఎక్కువ గనుక వెల్డు పక్కన పెళుసు పొర ఏర్పడుతుంది. బోల్టు రంధ్రాలు కూడా ఉష్ణచికిత్సకు ముందే వేయించు. తరువాత డ్రిల్లు మొన కింద పైపొర గట్టిపడి బిట్లు అరిగిపోతాయి. చికిత్సలో కొలతలు కొద్దిగా పెరుగుతాయి, ఆ మేరకు రంధ్రాన్ని ముందే చూసుకో. ఇంకొకటి, తడి తాకి ఉండగా ఎక్కువ ఒత్తిడి పడితే ఈ ఇనుము సాగే గుణం తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. కాబట్టి వరి మడిలో దమ్ముకు వాడే పనిముట్ల గురించి ఇప్పుడే హామీలు ఇవ్వకు.

సాల్ట్ బాత్ దగ్గర నాకు నిజంగా భయం ఉంది, దాచను. ఆ నైట్రేట్ ఉప్పులో నీటిచుక్క పడితే ఆవిరి ఒక్కసారిగా పేలి ఉప్పు ఎగజిమ్ముతుంది. నూనె గుడ్డ, బొగ్గుపొడి, రంపపు పొట్టు ఏదీ దాని దరిదాపుల్లో ఉండకూడదు. అవి మండడానికి కావలసిన ఆక్సిజన్ ఆ ఉప్పే ఇస్తుంది. ముంచే పట్టుకారు, తీగ, బుట్ట అన్నీ ముందే వేడిచేసి ఆరబెట్టాలి. ముఖానికి కవచం, పొడి తోలు తొడుగులు, పొడవు చేతుల నూలు చొక్కా వేసుకో. సింథటిక్ చున్నీతో ఆ గదిలో అడుగుపెట్టకు. అక్కడి ఉద్యోగి "ఏం కాదులే" అన్నా నువ్వు వినకు తల్లీ.

కాగితాల్లో మరొక మార్పు చెయ్యి. అరుగుదలను "ఎక్కువ, తక్కువ" అని రాయడం కుదరదు. ప్రతి కర్రు మీద నంబరు పంచ్ చేయించు, బిగించే ముందు తూకం వేయి, దున్నిన ఎకరాలను బట్టి మళ్లీ తూకం వేయి. మొనలు ఒకేచోట ఉంటే ట్రాక్టరు చక్రం జాడలో నడిచేవి వేరుగా అరుగుతాయి, అందుకని వాటి స్థానాలు మార్చుతూ ఉండాలి. ఇప్పుడు అంగడిలో దొరికే ఉక్కు కర్రులను కూడా అదే వరుసలో కట్టు. వాటితో పోల్చకుండా మనది గొప్పదని చెప్పలేం.

మామయ్య కల్వకుర్తి పొలంలో వేసవి దుక్కులకు ట్రాక్టరు ఇస్తానన్నాడు. మొదటి వానకు నేల పదునెక్కగానే మొదలుపెడతాడట, కాబట్టి పోతలు అంతకుముందే చేతికి రావాలి. డ్రాయింగు ఈ వారంలోనే పంపు. కల్టివేటర్ కొయ్యల మీద రంధ్రాల మధ్య దూరం నేను వెళ్లి కొలిచి రాస్తాను, ఆ తరువాతే నమూనా చెక్కించు.

నీ అమ్మ