ఫ్రిజ్ మాత్రం అదే

కర్నూలు,
ఆదివారం

ఒరేయ్ మద్దిలేటీ,

నీ ఉత్తరం అందింది. బాగున్నానని మొదట్లో రాశావు గానీ, బాగా లేవని రెండో పేరాలోనే తెలిసిపోయింది. మీ ల్యాబ్‌లో ఇద్దరి రక్తం ట్యూబులు తారుమారై ఒకరి రిపోర్టు ఇంకొకరికి పోతే టెన్షన్ లేకుండా ఎట్లుంటుంది! అనుమానం వచ్చి మళ్లీ టెస్ట్ చేయించిన ఆ డాక్టరుకు దండం పెట్టాలి. అది సరే, చివర్లో "ట్యూబులు చూసుకునే ఆ పిల్లోణ్ణి ఉద్యోగం నుంచి తీసేశారు, ఇక గొడవ లేదు" అన్నావు చూడు, అక్కడ నాకు మండింది. పిల్లోడు పోయాడు. ఆ బల్ల, ఆ ట్యూబులు, పొద్దున ఎనిమిదింటి ఆ తోపులాట అన్నీ అక్కడే ఉన్నాయి కదరా. రేపు వచ్చేవాడు కూర్చునేదీ ఆ బల్ల ముందే.

మా దగ్గర జరిగింది చెప్తా విను. మా ఫార్మసీ నుంచి వార్డుకు రెండు రకాల ఇన్సులిన్ వయల్స్ (చిన్న మందు సీసాలు) పోతాయి. మామూలు దాంట్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, గ్లార్జిన్ అనే రెండో రకంలో 100. సిరంజిలు కూడా వేరే: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. వార్డు ఫ్రిజ్ తలుపులో రెండు వయల్స్ పక్కపక్కనే ఉండేవి, సిరంజిల ట్రేలో చూస్తే అన్నీ ఎర్ర మూతలే. పత్తికొండ దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు రాత్రికి గ్లార్జిన్ 20 యూనిట్లు రాశారు. కొత్తగా చేరిన సిస్టర్ చేతికందిన ఎర్ర మూత సిరంజి తీసి 20 గీత దాకా లాగింది. గీత 20 అంటోంది గానీ లోపలున్నది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. పక్క మంచం దగ్గరున్న సీనియర్ సిస్టర్ కంట్లో మూత రంగు పడింది, చెయ్యి పట్టుకుని ఆపింది. లేకుంటే తెల్లారేసరికి షుగర్ పడిపోయి ఆయన ఏమయ్యేవాడో.

పొద్దున్నే మామూలుగానే ఆ కొత్త సిస్టర్‌కు మెమో టైపయింది. మా సార్ సంతకం పెట్టబోతుంటే ఆ సీనియర్ సిస్టరే అనింది: "ఇంతకుముందు ఇట్లాగే ఇంకో అమ్మాయికి మెమో ఇచ్చారు సార్. ఆమె హైదరాబాద్ పోయింది, ఈమె వచ్చింది. ఫ్రిజ్ మాత్రం అదే." సార్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పెన్ను మూత పెట్టేశాడు.

ఇప్పుడు 100 యూనిట్ల వయల్స్‌కు వేరే డబ్బా పెట్టాం. నారింజ మూత సిరంజిలు అందులోనే ఉంటాయి, సిరంజి లేకుండా వయల్ ఒక్కటే ఫార్మసీ దాటదు. ఖర్చంటావా, ఒక ప్లాస్టిక్ డబ్బా. నర్సులు ఏడాదికోసారి మారిపోయే ఊళ్లో, నేర్చుకున్నది వాళ్ల బుర్రల్లో పెట్టి ఊరుకుంటే అది కూడా వాళ్లతో పాటే బస్సెక్కుతుంది.

ఇది మన దగ్గరి జబ్బే అనుకోకు. విన్‌క్రిస్టీన్ అని క్యాన్సర్ మందు ఉంది, రక్తనాళంలోకే ఇవ్వాలి. వెన్నులోకి ఎక్కిస్తే మనిషి దక్కడం దాదాపు కల్ల. బ్రిటన్‌లో 2000లో అప్పటి ఇంగ్లండ్ ముఖ్య వైద్యాధికారి లియాం డొనాల్డ్‌సన్ ఆధ్వర్యంలో వచ్చిన నివేదిక సరిగ్గా దీన్నే ఎత్తి చూపింది: వెన్నులోకి తప్పు మందు పోవడం 1985 నుంచి పదేపదే జరుగుతూనే ఉంది, ఒకచోట జరిగింది ఇంకోచోట వాళ్లకు గుర్తుండట్లేదు అని. అంత చెప్పినా 2001లో నాటింగ్‌హామ్‌లో ఒక కుర్రాడు అదే తప్పుకు పోయాడు. "జాగ్రత్త" అని కాగితాల మీద ఎన్నిసార్లు రాస్తే ఏం లాభం? అందుకే 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వమని హెచ్చరిక జారీ చేసింది. సంచిని పొరపాటున కూడా ఎవరూ వెన్నులోకి ఎక్కించరు కదా!

ఇంకో సంగతి. హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ఆమె 1990లలో నర్సుల బృందాల మీద పరిశోధన చేసింది. మంచి బృందాల్లో తప్పులు తక్కువుంటాయని అనుకుంటే, అక్కడే ఎక్కువ కనిపించాయట. వాళ్లు ఎక్కువ చేసి కాదు, భయం లేక బయటికి చెప్పుకున్నారు కాబట్టి. ఇది తెలిశాక, మా దగ్గర "తప్పులు సున్నా" అని గొప్పలు పోయే ఆసుపత్రి కనిపిస్తే నాకు నవ్వొస్తుంది. ఇన్‌స్పెక్షన్ ముందు రాత్రి ఏడాది రిజిస్టరంతా ఒకే పెన్నుతో నింపేవాళ్లను నువ్వూ చూసే ఉంటావు.

మేమూ ఒక నోటుబుక్కు పెట్టాం, "తప్పిపోయిన ప్రమాదాలు", అంటే జరగబోయి ఆగిపోయినవి రాయడానికి. మొదట అందులో పేరు రాసే గడి ఉండేది, ఒక్కరూ రాయలేదు. గడి కొట్టేశాక మొదట రాయించింది ఎవరనుకున్నావ్? మా వార్డు ఆయమ్మ. రాత్రిపూట ఆక్సిజన్ సిలిండర్ తాళం వెతుక్కోవాల్సి వస్తోందని చెప్పి రాయించింది. మరుసటి రోజే తాళాన్ని గొలుసుతో సిలిండర్‌కే కట్టేశారు. అట్లని అందరినీ వదిలేయమనను, తాగి డ్యూటీకొచ్చినవాడికి మెమో ఇవ్వాల్సిందే.

మీ ల్యాబ్ సంగతికొస్తే, ట్యూబులకు ముందే పేర్లు అంటించి వరసగా పెట్టుకునే అలవాటు ఉందా? ఉంటే ముందు అది మానిపించు. రక్తం తీశాక మనిషి ముందే అంటించాలి. ఇంకొకటి, ఉరుకుంద ఈరన్న స్వామి దయవల్ల మా వార్డులో ఒక్కోసారి ముగ్గురు ఈరన్నలుంటారు. "ఈరన్నే కదా?" అని అడిగితే జ్వరంలో ఉన్నవాడు ఎవరైనా "ఊ" అంటాడు. "పేరేంది పెద్దయ్యా?" అని అడిగి, ఆయన చెప్పింది చేతి పట్టీ మీది పేరుతో, నంబరుతో సరిచూసుకోవాలి. ఆ పిల్లోడికి ఇది ఎవరైనా చెప్పారా అని మీ సార్‌ను ఒక మాట అడుగు. వీలైతే వాణ్ణి వెనక్కి పిలిపించు. ఆ పొద్దు ఏం జరిగిందో మీ అందరికంటే వాడికే బాగా తెలుసు.

అనంతపురంలో బార్‌కోడ్ మిషన్ ఎవరైనా పెట్టి ఉంటే ఖర్చెంతయిందో కనుక్కో, మా సార్ అడుగుతున్నాడు. మీ నాన్నకు షుగర్ ఎట్లుంది? ఇన్సులిన్ పెన్ను వాడుతున్నాడా, వయలా? వయలైతే దాని మీద 40 ఉందో 100 ఉందో, సిరంజి మూత ఏ రంగో చూసి వెంటనే ఫోన్ చెయ్యి, ఉత్తరం దాకా ఆగొద్దు.

ఇట్లు,
నీ శీను