ఇంటి సరుకు ఆన్‌లైన్ అంగడికి: మహిళా సంఘం కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షురాలికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

పచ్చళ్లు, పొడులు, అప్పడాలు, తాండ్ర చేసే మన సభ్యుల సరుకు విజయనగరం దాటాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. దాటింది. విజయవాడ, తిరుపతి వరకూ పార్సిళ్లు వెళ్తున్నాయి.

మామిడి కాలంలో జరిపిన ప్యాకింగ్ శిక్షణ ఈ ఏడాది మన సంఘానికి గర్వకారణం. భీమాలి నుంచి వచ్చిన సభ్యురాలు చాప మీద పొర మీద పొర పోసి ఎండబెట్టిన తాండ్ర తెచ్చారు. కోసిన అంచున పొరలన్నీ కనిపించేలా కిటికీ పక్కన తెల్లగుడ్డ పరిచి ఫోటో తీయించాం. ఫ్లాష్ వేస్తే అదే ముక్క నల్లగా, జిడ్డుగా కనిపించింది. ఆ తేడా చూశాక ఎవరికీ మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది. తర్వాత లేబుళ్లు: దినుసులు, నికర బరువు, తయారీ తేదీ, వాడాల్సిన గడువు, ధర, చిరునామా, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సంఖ్య. అక్షరం చదవని సభ్యులు కూడా తమ లేబుల్‌లో ఏది ఎక్కడుందో వేలు పెట్టి చూపారు!

జీఎస్టీ గురించి అందరూ అడుగుతున్నారు. ఏడాది అమ్మకాలు పరిమితి దాటని చిన్న అమ్మకందారులు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే ఆన్‌లైన్ వేదికల ద్వారా సొంత రాష్ట్రంలో సరుకు అమ్ముకునే వీలు 2023 అక్టోబరు 1 నుంచి ఉంది. రిజిస్ట్రేషన్‌కు బదులు పాన్‌తో జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య తీసుకోవాలి. రాష్ట్రం దాటితే మాత్రం రిజిస్ట్రేషన్ తప్పదు. మన జిల్లా వాళ్లు అంతమంది ఉన్న హైదరాబాదుకు ఆవకాయ పంపలేకపోవడం బాధాకరం. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం నమోదు పూర్తిగా ఉచితం; దాని పేరు చెప్పి డబ్బు అడిగేవారిని నమ్మవద్దు.

హాలు ఇచ్చిన దాతకు, కాటా అరువిచ్చిన కిరాణా యజమానికి, ఆదివారాలు వదులుకుని దరఖాస్తులు నింపిన కళాశాల విద్యార్థినులకు, పార్సిల్ కట్టే పద్ధతి ఓపికగా నేర్పిన తపాలా సిబ్బందికి కృతజ్ఞతలు. వంటపాత్రలు కడిగి, అందరూ వెళ్లాక హాలు ఊడ్చిన ఇద్దరు సభ్యులను ప్రత్యేకంగా అభినందించాలి.

ఫోను నేర్పుతామని పేర్లు ఇచ్చినవారిలో చాలామంది ఒక్కరోజూ రాలేదు. ఆహ్వానాలు స్వయంగా అందుకున్న అధికారులూ రాలేదు. వేదిక మీద వారి కుర్చీలు ఖాళీగా ఉండగా, వృద్ధ సభ్యులు కింద చాపల మీద కూర్చున్నారు. ఇది రాయక తప్పడం లేదు.

జమాఖర్చుల పట్టిక జతచేశాం. తనిఖీ అయింది, కొద్దిగా మిగులు ఉంది.

వచ్చే శిక్షణ చలికాలంలో, పార్సిళ్ల లెక్కల మీద. నేర్పడానికి నిజంగా రాగలిగినవారే ఈ రోజు పేరు ఇవ్వండి. చందా బకాయిలు సమావేశం ముగిసేలోగా కోశాధికారికి చెల్లించగలరు.

ఇట్లు,
కార్యదర్శి